వాన వైపు నుంచి చూసిన మనిషి

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆ పొద్దున వరసగా మూడు మెసేజీలు వచ్చాయి. మా కింది అంతస్తులో ఉండే ఆర్ట్ డైరెక్టర్ గారు తెల్లవారుజామున ఆస్పత్రిలో ప్రభువునందు నిద్రించారని మొదటిది. అంబులెన్సు లోపలికి రావాలి కాబట్టి గేటు దగ్గరి కార్లు తియ్యమని రెండోది. నీళ్ళ ట్యాంకరు ఆలస్యమవుతుందని మూడోది. నేనప్పుడు శ్రీనగర్ కాలనీలో డబ్బింగ్ థియేటర్లో ఉన్నాను. ఎవరో హీరోయిన్ స్నేహితురాలికి గొంతు ఇస్తున్నాను. ఆ అమ్మాయి పెదాలు ఆగేదాకా నవ్వాలి. నవ్వడం పూర్తిచేసి, బయటికొచ్చి ఫోన్ చూసుకున్నాను. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూనే, "అయ్యో, ఇంకా వాన పడలేదే" అనుకున్నాను.

మనిషి పోతే వాన గురించి ఆలోచించడం ఏమిటని మీకు అనిపించవచ్చు. ఆయన్ని ఎరిగినవాళ్ళకి అనిపించదు.

ఆయన చేతిపని మీరందరూ చూసే ఉంటారు. కోర్టు గదులు, కోటలు, పల్లెటూరి వీధులు, నాలుగు గోడల మధ్య లేపిన చిట్టడవులు. తెర మీద ఆయన పేరు పడేసరికి మీరింకా సీటు వెతుక్కుంటూ ఉంటారు, అంతే. కోస్తా మనిషి. మద్రాసులో పని నేర్చుకుని, పరిశ్రమతో పాటు సామాను సర్దుకుని ఫిల్మ్ నగర్‌కి వచ్చేశారు. సెట్టు అనేది షూటింగ్ అయిన మర్నాడే విప్పేస్తారు, స్టూడియో ఫ్లోరు ఇంకొకళ్ళకి ఇవ్వాలి కదా. "నేను కట్టిన ఊళ్ళన్నీ నేనే దగ్గరుండి పడగొట్టించానమ్మా. ఇదిగో ఇది నాది అని చూపిద్దామంటే ఒక్కటీ లేదు" అనేవారు. అనేసి, ఆంటీ, అంటే వాళ్ళావిడ, ఇచ్చిన కాఫీ తాగి ఇంకో విషయంలోకి వెళ్ళిపోయేవారు. కానీ ఆ మాట చాలాసార్లు అనేవారు. అన్నిసార్లు అన్నారంటే లోపల ఏదో ఉన్నట్టే.

కొన్ని అలవాట్లుండేవి. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడని వేలి కణుపులతో తట్టి చూసేవారు, నిజం గోడేనా అని. దారిలో కనిపించిన ఆకునల్లా తెంపి, నలిపి, వాసన చూసి చొక్కా జేబులో వేసుకునేవారు. ఆ చొక్కాలు ఉతికీ ఉతికీ ఆంటీకి విసుగొచ్చేది. "ఈయన జేబుల్లో గడ్డి మొలిచినా నేనేం ఆశ్చర్యపోనమ్మాయ్" అనేది.

నేను ఈ ఊరిదాన్నే. ఇంట్లో మా మాట మాట్లాడతాను, మైకు ముందు కోస్తా మాట మాట్లాడతాను. అది ఆయనకి పెద్ద వినోదం. "నీ నోట్లో రెండు ఊళ్ళు కాపురం ఉంటున్నాయే" అనేవారు. ఆయన్ని నేను సార్ అనేదాన్ని.

ఇక గుట్ట. మా అపార్ట్‌మెంట్ వెనక ఒక రాతిగుట్ట ఉండేది. నా పెళ్ళయి ఇక్కడికొచ్చిన కొత్తలో దాని మీద నెమళ్ళు తిరిగేవి. రెండో బ్లాకు కడతామని బిల్డరు దాన్ని సగం పేల్చాడు. తర్వాత ఏదో తగాదా వచ్చి పని ఆగిపోయింది. పగిలిన రాళ్ళు, మొరం, పాత ఇళ్ళు పడగొట్టిన చెత్త, అన్నీ ఆ వాలు మీద పోశారు. వాలు కింద ఒక పాత రాతిగోడ, గోడకి ఆనుకుని గల్లీ, గల్లీలో మొదటి ఇల్లు యాదమ్మది. పెద్ద వాన పడితే చాలు, గుట్ట మీది బురదంతా గోడ దాటి యాదమ్మ ఇంట్లోకి వెళ్ళేది. ఆమె పైకొచ్చి గేటు దగ్గర నిలబడి తిట్టేది. ఆ తిట్లలో తప్పు పట్టడానికేమీ ఉండేది కాదు.

కాలనీ మీటింగు పెట్టారు. అధ్యక్షులవారు ఇనుము వ్యాపారం చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి, చెడ్డవాడు కాదు. ఏ సమస్యకైనా ఆయనకి తట్టే మందు సిమెంటు. "మొత్తం చదును చేసి కాంక్రీటు పోస్తె పీడ పోతది. పార్కింగుకు జాగా గూడ వస్తది" అన్నాడు. అందరూ పార్కింగు అనగానే తలలూపారు. అప్పుడు సార్ లేచి నిలబడ్డారు. "కాంక్రీటు పోస్తే ఆ నీళ్ళన్నీ ఒక్కసారే కిందకి దూకుతాయండీ. ఇప్పుడు బురద వెళ్తోంది, అప్పుడు వరద వెళ్తుంది. నాకివ్వండి, మొక్కలతో నిలబెడతాను."

"సెట్టు వేస్తరా సార్?" అన్నాడు అధ్యక్షుడు. అందరం నవ్వాం. ఆయనా నవ్వారు. సరే, పెద్దమనిషి సరదా పడుతున్నాడని ఒప్పుకున్నారు.

మొదటి ఏడాది ఆయన నిజంగానే సెట్టు వేశారు. ఇది సినిమావాళ్ళు తప్ప మరొకరు చెయ్యని పొరపాటు. సెట్లో మొక్కలు పెట్టేటప్పుడు కెమెరా ఎక్కడుందో ముందు చూస్తారు. పొట్టివి ముందు, పొడుగువి వెనక, రంగున్నవి కళ్ళకి తగిలే చోట. ఫ్రేములో పడని వైపు ఖాళీగా వదిలేస్తారు, అక్కడ లైట్లు పెట్టుకోవాలి కదా. ఆయన మా బాల్కనీలనే కెమెరా అనుకున్నారు. వాలు కింది భాగంలో తంగేడు బారులు తీర్చారు, పువ్వు విరగబూసేలాగా. పైన వరసగా నేరేళ్ళు, కానుగలు. అన్నీ ఇక్కడి నేల మొక్కలే, అందులో లోపం లేదు. బాల్కనీకి కనపడని వైపు, అంటే గల్లీ వైపు మలుపు, చెత్తకుప్పతోనే ఉండిపోయింది. కాలనీ అంతా సెల్ఫీలు దిగింది. అధ్యక్షులవారు శాలువా కప్పారు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున యాదమ్మ మా మెట్లెక్కి వచ్చింది. చేతిలో ఒక తంగేడు మొక్క, వేర్లతో సహా ఉంది. సార్ తలుపు తీశారు. వెనక నేను పాల ప్యాకెట్లతో నిలబడి ఉన్నాను.

"సారూ, మీ చెట్టు మా ఇంట్లకొచ్చింది. పొయ్యి కాడ గూసున్నది. ఏం బెట్టమంటవు దానికి, బువ్వనా?"

నేనైతే ఆయన క్షమాపణ చెబుతారనుకున్నాను. ఆయన మొక్కని చేతిలోకి తీసుకుని, వేర్లు వాసన చూశారు. "కుళ్ళిపోయింది. నీళ్ళు నిలిచాయి" అన్నారు తనలో తను. తర్వాత, "ఎటునుంచి వచ్చిందమ్మా ఇది మీ ఇంట్లోకి? చూపిస్తావా?" అని అడిగారు.

యాదమ్మకి కోపం సగం జారిపోయింది. తిడదామని వచ్చినామె ఆయన్ని తన ఇంటికి తీసుకెళ్ళింది. పాల ప్యాకెట్లతోనే నేనూ వెంట వెళ్ళాను. ఆ ఇంట్లో బురద ఇంకా తడిగానే ఉంది. సార్ ప్యాంటు మడిచి, వంటగదిలో పీట మీద కూర్చుని, కిటికీలోంచి పైకి చూశారు. చాలాసేపు అలాగే చూశారు. అక్కణ్ణుంచి కనపడేది ఆయన అలంకరించిన గుట్ట కాదు, దాని వెనక భాగం. మొరం, పగిలిన ఇటుకలు, ఆ మధ్యలో నీళ్ళు చీల్చుకున్న బాట.

"ఇక్కణ్ణుంచి ఎవరూ చూడరనుకున్నానమ్మా" అన్నారు.

"మేం జూస్తం గద సారూ, పొద్దుమాపు" అంది యాదమ్మ.

తిరిగి పైకొస్తూ ఆయన నాతో అన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను. "కెమెరాకి పెట్టానే, వానకి పెట్టలేదు. వాన ఎటువైపు నుంచి చూస్తుందో అటు వెళ్ళి నిలబడాలి." ఆ వయసులో అంత పెద్ద ఓటమి తిని, అంత హుషారుగా ఉన్న మనిషిని నేనింకెక్కడా చూడలేదు. కొత్త కథ దొరికినవాడిలా ఉన్నారు.

మర్నాటి నుంచి తిరుగుడు మొదలైంది. చెక్‌పోస్టు దగ్గరి పార్కు, జూబ్లీ హిల్స్‌లో ఇంకా ఇల్లు లేవని రాతి ప్లాట్లు, ఎవరూ పేల్చని గుట్ట కనిపిస్తే చాలు. నాకు రికార్డింగు లేని రోజుల్లో నన్నూ లాక్కెళ్ళేవారు. సెట్టు పనిలో మిగిలిన సన్న చెక్కబద్దలతో ఒక చదరపు చట్రం చేసుకున్నారు. దాన్ని చంకలో పెట్టుకుని నడిచేవారు. ఎక్కడో ఒకచోట నేల మీద పడేసి, దాని ముందు గొంతుక్కూర్చునేవారు. "రా, ఈ ఫ్రేములో ఎవరెవరున్నారో చూద్దాం."

నాకు మొదట గడ్డి, ముళ్ళు, రాయి, ఇంతే కనపడేవి. "సార్, గీడ ఏముంది సూడనీకె?" అని విసుక్కునేదాన్ని. ఆయన వేలు పెట్టి చూపించేవారు. పలుచటి మొరం మీద బోదగడ్డి ఉంటే, దాని కుదుళ్ళ మధ్య తప్పకుండా వెంపలి ఉంటుంది. రాతి పగులులో జువ్వి. రాళ్ళ మీది నీళ్ళు దిగి ఆగే గుంటలో నేరేడు, కానుగ. ఎండ మాడ్చే వాలు మీద తంగేడు. అంటే మేము ఎక్కడ ఏది పెట్టామో దానికి సరిగ్గా తలకిందులు. రేగు పొద ముళ్ళ మధ్యలో ఒక వేప మొలక దాక్కుని ఉంది, ఏ మేకా మూతి పెట్టలేని చోట. ఆ రోజు ఆయన అక్కణ్ణుంచి లేవనంటే లేవనన్నారు. "చూశావా, ఇది ఒంటరిగా ఉంటే బతికేది కాదు. ఎవరు అన్నది కాదమ్మా, ఎవరి పక్కన ఎవరు అన్నదే లెక్క."

ఒకచోట తెల్లగా పూసిన చెట్టు కింద ఆగిపోయారు. ఆకు తెంపితే పాలు కారాయి. "అంకుడు! మా వైపు బొమ్మలు చేసేది దీనితోనే. చెక్కగానే చూశానే ఇన్నాళ్ళూ, నిలబడి పూస్తుందని తెలీదు" అన్నారు. అంత పెద్దాయన ఆ బెరడు మీద చెయ్యి పెట్టుకుని నిలబడితే నాకు మనసంతా ఎలాగో అయిపోయింది.

సీతాఫలం దగ్గర మాకు పెద్ద వాదన జరిగింది. అది ఈ దేశపు చెట్టే కాదట, సముద్రం దాటి వచ్చిందట అని ఎవరో చెప్పారు. నేను ఒప్పుకోలేదు. సీతాఫలం మాది కాకపోతే ఇంకేది మాది? ఆయన ఆలోచిస్తూ, "ఎన్నాళ్ళుంటే మనవాళ్ళంటాం? నేనూ మద్రాసు నుంచి దిగినవాణ్ణేగా" అన్నారు. చివరికి తీర్పు చెప్పలేదు. గుట్ట మీద తనంతట తను మొలిచిన సీతాఫలాన్ని పీకలేదు, కొత్తగా నాటనూ లేదు.

రెండో ఏడాది పని వేరుగా సాగింది. సెట్టు వడ్రంగులు లెవెల్ చూసే నీళ్ళ పైపు తెచ్చి, రెండు చివర్లు ఇద్దరం పట్టుకుని, వాలు మీద ఒకే మట్టంలో ఉన్న చోట్లు గుర్తుపెట్టాం. ఆ గుర్తుల వెంట పగిలిన రాళ్ళనే వరసలుగా పేర్పించారు, నీళ్ళు పరిగెత్తకుండా నడిచి వెళ్ళేలాగా. చెత్త తీయించారు. గుట్టంతా అల్లుకున్న లంటానా ముళ్ళపొదలు మాత్రం ఒకేసారి పీకనివ్వలేదు. "అది పరాయిదే, మొండిదే. కానీ ఇప్పుడు మట్టిని పట్టుకున్నది అదొక్కటే. పక్కన గడ్డి నిలబడ్డాక దీన్ని తీద్దాం" అని, పట్టీలు పట్టీలుగా కొట్టించారు. అందరికంటే ముందు గడ్డి వేశారు, వెంపలి చల్లారు. తర్వాత రేగు, బలుసు. చెట్లు ఎక్కడో కొన్ని, గుంటల్లో మాత్రమే. అధ్యక్షులవారి భార్య కాగితంపూల తీగ పెట్టమని అడిగితే, "హీరో ఇంటర్వెల్‌కి వచ్చినా చాలండీ. ముందు జూనియర్ ఆర్టిస్టులు రావాలి" అన్నారు. పని అంతా గల్లీ వైపు మలుపు నుంచి మొదలుపెట్టారు. మా బాల్కనీల వైపు చివర్లో వచ్చారు.

నిజం చెప్పాలంటే చూడ్డానికి బాగుండేది కాదు. మొలిచినంత మొలిచి, ఎండాకాలం రాగానే అంతా గోధుమరంగుకి తిరిగింది. గడ్డి, ముళ్ళు, రాళ్ళు. సెల్ఫీలు ఆగిపోయాయి. ఆ ఏడాది వానలు కూడా సరిగా కురవలేదు కాబట్టి అది మట్టిని ఆపుతుందో లేదో ఎవరికీ తేలలేదు. మళ్ళీ మీటింగు పెట్టారు.

"సార్, మీ మీద గౌరవం ఉన్నది. కని ఇది జంగల్ లెక్క అయింది" అన్నాడు అధ్యక్షుడు.

"జంగల్ అంటున్నారు, థాంక్సండీ" అన్నారు సార్.

వచ్చే వానాకాలం దాకా గడువు ఇచ్చారు. అప్పుడూ బురద కిందకి పోతే కాంక్రీటే. సార్ తలూపారు. ఆ షరతు మీద ఆయనకి తగువేమీ లేదు. బయటికొచ్చాక నాతో మాత్రం, "ఇదొక్కటీ విప్పకుండా ఉంటే బాగుండునే" అన్నారు, చాలా నెమ్మదిగా.

వేసవిలో ఊపిరి ఆడటం కష్టమైంది. జీవితమంతా పీల్చిన రంగుల థిన్నరూ, ప్లాస్టర్ దుమ్మూ కలిసి లెక్క తేల్చుకున్నాయి. ఆస్పత్రి నుంచి ఫోన్ చేసేవారు. ఒంట్లో ఎలా ఉందంటే చెప్పేవారు కాదు. "గడ్డి గింజ రాలిందా? చీమలొస్తున్నాయా?" అని అడిగేవారు. నేను చెప్పులేసుకుని వెళ్ళి చూసి, "వస్తున్నయ్ సార్, గింజలు మోసుకపోతున్నయ్" అన్నాను. "ఎటు?" అన్నారు. రాళ్ళ వరస కిందికి అని చెప్పాను. "అయితే అక్కడ మొలుస్తుందన్నమాట. నేను అక్కడ చల్లలేదు. మంచి చోటే" అన్నారు. నాతో ఆయన మాట్లాడిన ఆఖరి మాటలు అవే.

సమాధి కార్యక్రమానికి పరిశ్రమ వాళ్ళు చాలామంది వచ్చారు. పాస్టర్ గారు వాక్యం చదివాక ఒక్కొక్కరూ లేచి, ఫలానా కోట, ఫలానా వీధి, ఎంత బాగా వేశారో చెప్పుకున్నారు. ఎవరూ గుట్ట మాట ఎత్తలేదు. వాళ్ళకి తెలియదు మరి. నాకు మాత్రం కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం.

తర్వాత కొద్ది రోజులకి అధ్యక్షులవారు ఆంటీ దగ్గరికి వచ్చారు. నేనక్కడే ఉన్నాను. "మేడమ్, సార్ ఉన్నన్ని రోజులు ఆగినం. వానలు పడకముందే కాంక్రీటు అయిపోగొడితే అందరికీ మంచిది. ఇగ ఆగుడు ఎందుకు?" అన్నారు, మర్యాదగానే. నేను నోరు తెరవబోయాను. ఆంటీ నా చెయ్యి పట్టుకుంది.

"ఒక్క పెద్ద వాన పడనివ్వండి. మట్టి కిందకి వెళ్తే, సిమెంటు పనికి నేనే వచ్చి కొబ్బరికా... కాదు, ప్రార్థన చేస్తాను" అంది. ఆ దుఃఖంలో కూడా ముగ్గురం నవ్వాం. ఆయన సరేనని వెళ్ళిపోయారు.

ఆ వాన ఒక మధ్యాహ్నం పడింది. చెక్‌పోస్టు దగ్గర కార్లన్నీ నిలిచిపోయాయి. నేను ఆటో వదిలేసి, తడుస్తూ ఇంటికి పరిగెత్తాను. ఆంటీ అప్పటికే గొడుగు పట్టుకుని మెట్ల కింద ఉంది. బాల్కనీ వైపు కనీసం తలైనా తిప్పలేదు. "పద, యాదమ్మ ఇంటికి" అంది. అన్నేళ్ళుగా ఇక్కడుంటూ ఆమె ఆ గల్లీలోకి దిగడం అదే మొదటిసారి.

యాదమ్మ తన ఏర్పాట్లలో తనుంది. బియ్యం బస్తా మంచమెక్కింది. గిన్నెలు, గ్యాస్ పొయ్యి, పిల్లల సంచులు, కుక్కర్, అన్నీ మంచమెక్కాయి. గడపకి అడ్డంగా చెక్క పెట్టి, సందుల్లో పాత చీరలు కుక్కింది. "రాండ్రి అమ్మా, కూసునే జాగనే లేదు" అంది. ముగ్గురం తలుపు దగ్గర నిలబడి గోడ వైపు చూస్తున్నాం. వాన హోరులో ఒకరి మాట ఒకరికి వినపడటం లేదు.

నీళ్ళు పోవడానికి రాతిగోడకి వదిలిన రంధ్రాల్లోంచి ముందు ఏమీ రాలేదు. చాలాసేపు రాలేదు. గోడ వెనక నీళ్ళు చేరి ఒక్కసారే వస్తాయేమోనని నా భయం. తర్వాత ఒక రంధ్రం నుంచి సన్నగా మొదలైంది. కాస్త ఎర్రగా ఉంది. యాదమ్మ చెక్కని ఇంకా గట్టిగా అదిమింది. వాన పెరిగింది, అన్ని రంధ్రాలూ కారడం మొదలుపెట్టాయి. ఆ ఎరుపు పలచబడింది, ఇంకా పలచబడింది. గల్లీ పక్కన కాలువలోకి నీళ్ళు నెమ్మదిగా పోతున్నాయి. వాటి కింద కాలువ అడుగున గులకరాళ్ళు కనపడుతున్నాయి.

ఆంటీ గొడుగు పక్కన పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్ళి గుట్ట వైపు చూసింది. వానకి గడ్డి ఒరిగి ఉంది, ముళ్ళపొదలు ఊగుతున్నాయి. "ఇందులో మీ సార్ పెట్టినవి ఏవి యాదమ్మా?" అని అడిగింది.

యాదమ్మ వచ్చి చూసింది. "ఏమో అమ్మా. అన్నీ ఎప్పటి సందో ఉన్నట్టే ఉన్నయ్."

ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు, నాకూ అదే పరిస్థితి. యాదమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మళ్ళీ ఒకసారి గడప దాకా వెళ్ళి కాలువలోకి తొంగి చూసింది. వాన ఇంకా కురుస్తూనే ఉంది. ఆమె చెక్క తీసి గోడకి ఆనించింది. మంచం దగ్గరికి వచ్చి, బియ్యం బస్తాని రెండు చేతులతో కౌగిలించుకుని, నేల మీదికి దించింది.